చలికాలం క్యాంపింగ్‌కి ఆర్‌వీని సిద్ధం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలవుతోందనగానే అవే సందేహాలు మళ్లీ వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి, చివరికి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఆర్‌వీ అంటే లోపలే పడక, వంటగది ఉండే ప్రయాణాల బండి. మోటర్‌హోమ్ అయినా, వెనక లాక్కెళ్లే ట్రైలర్ అయినా విషయం దాదాపు ఒకటే కాబట్టి అన్నిటినీ "బండి" అనే అన్నాను. నీళ్ల గురించి ఇంత రాశారేంటని కొందరు అడుగుతారు. మనకు చలేస్తే వెంటనే తెలుస్తుంది, ఇంకో దుప్పటి కప్పుకుంటాం. పైపుకు చలేస్తే పొద్దున్న ట్యాప్ తిప్పాకే తెలుస్తుంది.

## బయల్దేరే ముందు

మా బండి మీద "ఫోర్ సీజన్" అని రాసి ఉంది. అది చాలదా?

ఆ మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. ఒకరు బండి అడుగుభాగం మొత్తం మూసేసి, ట్యాంకుల దగ్గరికి వేడిగాలి గొట్టం వేసి ఆ మాట రాస్తారు. ఇంకొకరు గోడల్లో ఇన్సులేషన్ కాస్త మందంగా పెట్టి అదే మాట రాస్తారు. యూరప్‌లో ఈఎన్ 1646 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం గ్రేడ్ 3 బండి బయట మైనస్ 15 డిగ్రీలు ఉన్నా లోపల 20 డిగ్రీలకు వేడెక్కాలి. మీ బండికి అలాంటి గ్రేడ్ లేకపోతే టార్చి పట్టుకుని బండి కిందకి దూరండి. ట్యాంకులు బయటికి కనిపిస్తున్నాయా? నీళ్ల పైపు ఎక్కడైనా గాలిలో వేలాడుతోందా? మురికినీళ్లు బయటికి వదిలే డంప్ వాల్వులు మూత వెనక ఉన్నాయా, బయటే ఉన్నాయా? పది నిమిషాల్లో స్టిక్కర్ చెప్పని సంగతులన్నీ తెలుస్తాయి.

ఎన్ని డిగ్రీల దాకా భయం లేదు?

డిగ్రీలతో పాటు గంటలు కూడా చూడాలి. తెల్లవారుజామున రెండు గంటలు మైనస్ 1కి పడి, పొద్దెక్కాక మళ్లీ 8, 10కి చేరే చోట మామూలు బండికి పెద్దగా ఏమీ కాదు. రాత్రంతా మైనస్ 5 కింద ఉండి, పగలు కూడా సున్నా దాటకపోతే లెక్క వేరు. చలి కొంచెం కొంచెంగా పేరుకుని రెండో రాత్రికి పైపులను పట్టేస్తుంది. వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత పక్కన "ఇంత ఉన్నట్టు అనిపిస్తుంది" అని వేసే అంకె మన చర్మానికి సంబంధించింది. గాలి ఎంత వీచినా నీళ్లు బయటి అసలు ఉష్ణోగ్రత కన్నా చల్లబడవు. కాకపోతే ఆ చల్లదనానికి చాలా తొందరగా చేరుకుంటాయి. అందుకే గాలి ఉన్న మైనస్ 3, గాలి లేని మైనస్ 6 కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు.

నీళ్ల లైన్లు అసలు వాడకుండానే వెళ్లొచ్చా?

హాయిగా వెళ్లొచ్చు. మొదటి ట్రిప్‌కి నా సలహా కూడా అదే. లైన్లన్నీ ఖాళీ చేసి, యాంటీఫ్రీజ్ (చలికి పైపులు పగలకుండా కాపాడే ద్రవం) ఎక్కించి, తాగడానికీ వంటకీ నీళ్లు క్యాన్లలో లోపలే పెట్టుకోండి. టాయిలెట్ ఫ్లష్‌కి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ ఒక సీసాలో ఉంచుకుని కొద్దిగా పోస్తే సరిపోతుంది. సింక్ వాడితే ఆ నీళ్లు గ్రే ట్యాంకులోకి (సింక్, షవర్ మురికినీళ్లు చేరేది) వెళ్లి గడ్డకడతాయి కాబట్టి సింక్‌లో చిన్న టబ్ పెట్టుకోవాలి. స్నానం ఉండదు, నిజమే. రెండు రాత్రులకు ఎవరూ ఏమీ అనుకోరు.

మొదటిసారే దూరం వెళ్లొచ్చా?

ముందు ఇంటి ముందే ఒక రాత్రి పడుకోండి. బాగా చలిగా ఉన్న రోజే చూసుకోండి. మేము అలా పడుకున్న మొదటి రాత్రి లోపల వెచ్చగా, సుఖంగా ఉంది. పొద్దున్నే సింక్ కింద అల్మరా తలుపు తీస్తే లోపల నుంచి ఫ్రిజ్ తెరిచినట్టు చల్లగాలి కొట్టింది. చెయ్యి పెట్టి వెతికితే, కరెంటు వైరు లోపలికి వచ్చే రంధ్రం చుట్టూ వేలు పట్టేంత సందు ఉంది. నీళ్ల పైపు సరిగ్గా దాన్ని ఆనుకునే పోతోంది. కొంచెం ఫోమ్‌తో పావుగంటలో పని అయిపోయింది. అదే కొండ మీద తెలిసి ఉంటే ట్రిప్ అక్కడితో ముగిసేది.

## నీళ్లు, ట్యాంకులు

నీళ్ల గొట్టం రాత్రంతా తగిలించి ఉంచొచ్చా?

మామూలు గొట్టమైతే వద్దు. బండి మొత్తంలో ముందు గడ్డకట్టేది అదే, దాంతో పాటు క్యాంప్ వాళ్ల ట్యాప్ కూడా పాడవచ్చు. పగలు లోపలి ట్యాంకు నింపుకుని, గొట్టం విప్పి, ఒక చివర పైకెత్తి నీళ్లన్నీ కార్చేసి లోపల పెట్టేయండి. తర్వాత బండి సొంత పంపు మీద నడపండి. కరెంటుతో వెచ్చబడే గొట్టం కొనుక్కుంటే తగిలించి ఉంచొచ్చు. అయితే గొట్టం వెచ్చగా ఉన్నా అది ట్యాప్‌కి బిగించే చోటు, బండికి బిగించే చోటు బయటే ఉంటాయి. ఆ రెండు జానెడు ముక్కలకూ ఇన్సులేషన్ చుట్టకపోతే డబ్బు దండగ.

ట్యాప్ సన్నగా కారుతూ వదిలేస్తే గడ్డకట్టదు అంటారు కదా?

ఇళ్లలో పనిచేసే చిట్కా అది. ఇంట్లో ఆ నీళ్లు డ్రైనేజీలోకి పోతాయి, బండిలో గ్రే ట్యాంకులోకి పోతాయి. తెల్లారేసరికి ట్యాంకు నిండి షవర్ అడుగు నుంచి మురికినీళ్లు పైకి తన్నుకొస్తాయి. వాల్వు తెరిచి వదిలితే బయటి పైపులో మంచు కడుతుంది.

గ్రే, బ్లాక్ (టాయిలెట్) ట్యాంకుల వాల్వులు తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా?

మూసే ఉంచాలి. తెరిచి ఉంటే చేతులు కడిగినప్పుడల్లా గ్లాసెడు నీళ్లు చల్లటి పైపులోకి సన్నగా జారతాయి. అవి అడుగున పలచటి పొరలా గడ్డకడతాయి. దాని మీద ఇంకో పొర, ఆ పైన ఇంకోటి. కొవ్వొత్తి పోత పోసినట్టు పెరిగి మూడు రోజుల్లో పైపు పూడుకుపోతుంది. మూసి ఉంచి, ట్యాంకు మూడొంతులు నిండాక ఒకేసారి వదిలితే ఆ వేగానికీ, కాస్త వెచ్చదనానికీ సాఫీగా పోతుంది. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు వదలడం మంచిది. వాల్వు పిడి గట్టిగా ఉంటే బలంగా లాగకండి, లోపలి తీగ తెగుతుంది. ముందు హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టండి.

కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్ నీళ్ల పైపుల్లో పోయొచ్చా?

పోయకూడదు. మామూలుగా దొరికే కారు కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. తాగే నీళ్ల లైన్లలోకి ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన ఆర్‌వీ యాంటీఫ్రీజ్ మాత్రమే పోయాలి. అది ఎక్కువగా గులాబీ రంగులో వస్తుంది గానీ, రంగును నమ్మకండి. సీసా మీద తాగునీటి లైన్లకు పనికొస్తుందని రాసి ఉందో లేదో చదవండి.

యాంటీఫ్రీజ్ మీద మైనస్ 45 అని ఉంది. మైనస్ 15లోనే బురదలా గట్టిపడింది. నకిలీదా?

నకిలీ కాకపోవచ్చు. మైనస్ 45 అనేది సాధారణంగా పైపు పగలకుండా ఆగే హద్దు. ఆ రకం మైనస్ 10, 12 దగ్గరే బురదగా మారడం మొదలుపెడుతుంది. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, పైపు పగిలేది ఆ ఉబ్బుకే. యాంటీఫ్రీజ్ గట్టి గడ్డ కాకుండా మెత్తగా ఉండిపోతుంది కాబట్టి పైపును పగలగొట్టదు. అయితే లైన్లలో నీళ్లు మిగిలి ఉండి అందులో కలిస్తే పలచబడి ఆ హద్దు పైకి జరుగుతుంది. అందుకే ముందు లైన్లు బాగా ఖాళీ చేయాలి. ప్రతి ట్యాప్‌లోనూ, చల్లనీళ్ల వైపూ వేడినీళ్ల వైపూ, చిక్కటి గులాబీ రంగు వచ్చేదాకా వదలాలి. బయటి షవర్‌ని చాలామంది మర్చిపోతారు. వసంతంలో ముందు కారేది అదే.

వాటర్ హీటర్‌ని ఏం చేయాలి?

నీళ్లు వాడే ట్రిప్ అయితే పెద్ద పనేమీ లేదు, హీటర్ నడుస్తూ ఉండాలంతే. లైన్లు ఖాళీ చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ముందు ఆపండి, పూర్తిగా చల్లారనివ్వండి, నీటి ప్రెషర్ వదిలించండి, ఆ తర్వాతే డ్రెయిన్ ప్లగ్ విప్పండి. వేడిగా, ప్రెషర్ మీద ఉండగా విప్పితే మరిగే నీళ్లు ముఖాన కొడతాయి. యాంటీఫ్రీజ్ ఎక్కించే ముందు హీటర్‌ని బైపాస్‌లో పెట్టండి (అంటే అది హీటర్‌లోకి వెళ్లకుండా పక్కనుంచి పోయేలా), లేకపోతే ట్యాంకు నింపడానికే ఇరవై లీటర్లకు పైగా దండగవుతుంది.

## వేడి, గ్యాస్, కరెంటు

ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకుంటే గ్యాస్ ఆదా అవుతుంది కదా?

అవుతుంది. పైపులు గడ్డకట్టేదీ ఎక్కువగా ఇలాగే. చాలా బండ్లలో ఫర్నెస్ (బండిలోనే బిగించి ఉండే గ్యాస్ హీటర్) గాలి రెండు చోట్లకు వెళ్తుంది: కొంత మనం కూర్చునే గదిలోకి, కొంత నేల కింద ట్యాంకులూ పైపులూ ఉన్న అరలోకి. గది వేడిని చూసి ఫర్నెస్‌ని వెలిగించి ఆపే థర్మోస్టాట్ గోడ మీద, గదిలో ఉంటుంది. మీరు ఎలక్ట్రిక్ హీటర్‌తో గదిని 20 డిగ్రీల దగ్గర ఉంచితే అది చూసి ఫర్నెస్ అసలు వెలగదు. పైన మీరు స్వెట్టర్ విప్పేసి కూర్చుంటే కింద ట్యాంకు గడ్డకడుతూ ఉంటుంది. అలాగని హీటర్ మానేయక్కర్లేదు. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు, దాన్ని తోడుగా వాడండి. దాన్ని తగ్గించి పెట్టి, రాత్రిపూట ఫర్నెస్ గంటకు రెండు మూడుసార్లయినా వెలిగేలా థర్మోస్టాట్ సర్దుకోండి. నేల కింద అరలో చిన్న థర్మామీటర్ సెన్సార్ పెట్టి దాని అంకె లోపల కనిపించేలా చేసుకుంటే ఊహలతో పనిలేదు. ఆ అంకె 4 డిగ్రీల కిందకి దిగితే ఫర్నెస్ పెంచుతాను. చలికాలం సామాన్లలో ముందు కొనాల్సింది ఏదని ఎవరడిగినా నేను చెప్పేది ఆ థర్మామీటరే.

ఒక సిలిండర్ ఎన్ని రోజులు వస్తుంది?

రోజుల్లో కన్నా గంటల్లో లెక్కేసుకోండి. 9 కిలోల ప్రొపేన్ సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూల (వేడిని కొలిచే కొలత) వేడి ఉంటుంది. గంటకు 30,000 బీటీయూ తాగే ఫర్నెస్ ఆగకుండా వెలిగితే 14 గంటలు. సగం సేపు వెలిగి సగం సేపు ఆగితే 28 గంటలు, అంటే ఒక రోజు దాటి కాస్త. ఇందులో వంట, వేడినీళ్లు కలపలేదు. చిన్న హీటర్ ఉన్న చిన్న వ్యాన్‌కి ఇంతకు చాలా రెట్లు వస్తుంది. సిలిండర్ ఖాళీ అయ్యేది ఎప్పుడూ తెల్లవారుజామున మూడింటికే కాబట్టి, తనంతట తానే రెండో సిలిండర్‌కి మారే రెగ్యులేటర్ పెట్టించుకోండి.

సిలిండర్‌లో గ్యాస్ ఉంది, కానీ మంట రావట్లేదు. ఎందుకు?

అది బ్యూటేన్ కావచ్చు, లేదా బ్యూటేన్ ఎక్కువ ఉన్న మిశ్రమం కావచ్చు. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. సిలిండర్ ఊపితే ద్రవం గలగలలాడుతుంది, స్టవ్‌కి మాత్రం ఏమీ రాదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది, చలికాలానికి అదే కావాలి. ప్రొపేన్ ఉండీ రాకపోతే రెగ్యులేటర్‌లో తేమ గడ్డకట్టిందేమో చూడండి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుడితే కరుగుతుంది. సిలిండర్‌కి గానీ రెగ్యులేటర్‌కి గానీ మంట చూపించొద్దు.

స్టవ్ వెలిగించి ఉంచితే లోపల వెచ్చబడుతుంది కదా?

వెచ్చబడుతుంది, దాంతో పాటు ప్రాణం మీదకి వస్తుంది. స్టవ్ పొగ బయటికి పోయే గొట్టం ఉండదు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. బయటికి గొట్టం ఉన్న ఫర్నెస్ మాత్రమే రాత్రంతా నడిపే వస్తువు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక గడువు తేదీ ఉంటుంది, ఇవాళే తిప్పి చూడండి. గ్యాస్ లీక్ అలారం నేలకు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే ప్రొపేన్ గాలికన్నా బరువు. మంచు బాగా పడిన పొద్దున్న బయటికి రాగానే మొదట ఫర్నెస్ పొగగొట్టం నోరు, ఆ తర్వాత జనరేటర్, ఇంజిన్ సైలెన్సర్ చుట్టూ మంచు తవ్వేయండి.

ఎండాకాలంలో మూడు రోజులు వచ్చిన బ్యాటరీ చలికాలంలో ఒక్క రాత్రికే పడిపోతోంది. పాడైందా?

పాడవకపోయినా అలాగే అవుతుంది. గ్యాస్ ఫర్నెస్‌కి ఫ్యాన్ ఉంటుంది, అది బ్యాటరీ మీద నడుస్తుంది. 7, 8 ఆంపియర్లు తాగే ఫ్యాన్ పన్నెండు గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా సుమారు 45 ఆంపియర్ అవర్లు ఖర్చు. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిక్షేపంగా వాడుకోగలిగేది సగం. చలికి అది ఇంకా తగ్గుతుంది, మైనస్ 18 దగ్గర అసలు శక్తిలో దాదాపు సగమే మిగులుతుంది. ఇంకో సంగతి: పూర్తి ఛార్జ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయింది మైనస్ 7, 8కే గడ్డకట్టి పగలవచ్చు.

లిథియం బ్యాటరీకి ఈ గొడవ లేదు కదా?

దాని గొడవ వేరే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మైనస్‌లోనూ కరెంటు ఇస్తుంది, కానీ సున్నా కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. చేస్తే లోపల లిథియం లోహం పూతలా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీల్లో ఛార్జింగ్ దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటికి లోపలే హీటర్ ఉంటుంది. ఇవేవీ లేకపోతే బ్యాటరీని బండి లోపలికి, వెచ్చని చోటికి మార్పించండి.

బయట ఫ్రీజర్‌లా ఉంటే గ్యాస్ ఫ్రిజ్ పనిచేయట్లేదు. ఇదేం విచిత్రం?

ఆ రకం ఫ్రిజ్ వెనకభాగానికి బయటి గాలి తగులుతుంది. మరీ చల్లబడితే దాని పని మందగిస్తుంది. పక్కనున్న జాలీలకు తయారీదారే చలికాలం మూతలు అమ్ముతారు. సొంతంగా టేపు వేసి పూర్తిగా మూయకండి, బర్నర్ పొగ అక్కడి నుంచే పోతుంది.

## చెమ్మ

పొద్దున్న లేచేసరికి అద్దాల నిండా నీళ్లు. బండి కారుతోందా?

చాలాసార్లు ఆ నీళ్లు మీవే. ఊపిరి, వంట, తడి బట్టలు, బూట్లకు అంటుకున్న మంచు, ఇవన్నీ గాలిలోకి ఆవిరై చల్లటి అద్దం మీద నీళ్లవుతాయి. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ వాడితే మరీ ఎక్కువ: ఒక కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. వండేటప్పుడు మూత పెట్టి, ఫ్యాన్ వేయండి. తడి జాకెట్లు బాత్రూంలో వేలాడదీసి తలుపేయండి. తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుని 50 శాతం దాటకుండా చూసుకోండి. అద్దాలకు లోపల వైపు ఇన్సులేషన్ పలకలు పెడితే చలి తగ్గుతుంది, కానీ వాటి వెనక నీళ్లు చేరతాయి. పగలు తీసి తుడవాల్సిందే.

ఇంత చలిలో పైన వెంట్ తెరవమంటారా?

అవును, రెండు వేళ్ల సందు. దాంతో పాటు కింద ఒక కిటికీ కొంచెం. వెచ్చని చెమ్మగాలి పైనుంచి పోతుంది, పొడిగా ఉండే చల్లగాలి కిందనుంచి వస్తుంది. కాస్త గ్యాస్ ఎక్కువ కాలుతుంది. అన్నీ బిగించుకున్న బండిలో నిద్రపోయి లేస్తే తల బరువెక్కినట్టు ఉంటుంది, ఇలా చేస్తే అది కూడా ఉండదు.

పరుపు కింద తడిగా ఉంది, నల్లటి మచ్చలు కూడా వచ్చాయి. ఏం చేయాలి?

ఒంటి వేడికి చెమ్మ పరుపులోంచి కిందకి దిగి, చల్లటి చెక్క తగలగానే నీరవుతుంది. మచ్చలు బూజు. పరుపు ఎత్తి ఎండబెట్టి, చెక్కను శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత పరుపు కింద గాలాడేలా చెక్క బద్దలు గానీ, ప్లాస్టిక్ జాలీ గానీ వేయండి. రోజూ పొద్దున్న పరుపును గోడకు ఆనించి అరగంట నిలబెట్టినా చాలా తేడా ఉంటుంది.

## రోడ్డు మీద

టైర్లు కొత్తవే. ఇంకేం చూడాలి?

గాలి ముందు చూడండి. 25 డిగ్రీల షెడ్డులో 80 పీఎస్‌ఐ నింపిన టైరు మైనస్ 10లోకి వచ్చేసరికి సుమారు 69కి దిగుతుంది. లోడుతో ఉన్న బండికి అది ప్రమాదం. చలిలో, బండి నడపకముందే కొలిచి సరిచేయండి. తర్వాత టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు ఉందో లేదో చూడండి. అది లేని ఎండాకాలం టైరు సుమారు 7 డిగ్రీల కింద బిగుసుకుపోయి పట్టు తప్పుతుంది. మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసులు తీసుకెళ్తుంటే ఇంట్లోనే ఒకసారి వేసి చూసుకోండి. మంచులో మోకాళ్ల మీద కూర్చుని, గ్లౌజులతో, చీకట్లో నేర్చుకునే విద్య కాదది.

డీజిల్ బండి. ఏమైనా కలపాలా?

చల్లబడితే డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టర్‌ని మూసేస్తుంది. చలి ప్రాంతాల్లో బంకులు చలికాలం డీజిల్ అమ్ముతాయి. వెచ్చని చోట ట్యాంకు నింపుకుని కొండెక్కితేనే చిక్కు. సగం ట్యాంకుతో వెళ్లి అక్కడి డీజిల్ నింపుకోండి, లేదా గడ్డకట్టకముందే యాడిటివ్ కలపండి. గట్టిపడ్డాక కలిపితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

## అక్కడికి చేరాక

బండి ఎలా నిలపాలి?

పొద్దుటి ఎండ తగిలేలా, గాలి తలుపు వైపు కొట్టకుండా. నేల చదునుగా ఉంటే తడిసిన హ్యాండ్‌బ్రేక్ వేసి వదలకండి, రాత్రికి పట్టేస్తుంది. చక్రాలకు అడ్డాలు పెట్టండి. జాకీల కింద చెక్క పలకలు వేయండి. లేకపోతే అవి నేలకు అతుక్కుని, బయల్దేరే రోజు గునపంతో తవ్వాల్సి వస్తుంది.

బండి చుట్టూ కింద గుడ్డ కట్టడం నిజంగా ఉపయోగమా?

మూడు నాలుగు రోజులు కదలకుండా ఉండేట్టయితే తప్పకుండా. కింద నుంచి దూసుకుపోయే గాలి ఆగితే సగం యుద్ధం గెలిచినట్టే. వినైల్ షీటు, ఫోమ్ పలకలు, ఏవైనా పర్వాలేదు. మంచునే గట్టుగా పోసేవాళ్లూ ఉన్నారు, అది బాగానే పనిచేస్తుంది. ఏది కట్టినా పొగగొట్టాల నోళ్లు మాత్రం మూయకూడదు.

పైకప్పు మీద మంచు పేరుకుంది. స్లైడవుట్ (బండి పక్కనుంచి బయటికి జరిగే గది భాగం) లోపలికి లాగొచ్చా?

దాని పైభాగం శుభ్రం చేశాకే. లేకపోతే మంచు గదిలోకి వస్తుంది, మంచుగడ్డ అయితే రబ్బరు సీలును చింపుతుంది. మెత్తటి చీపురుతో కింద నుంచి లాగండి. నిచ్చెన ఎక్కాల్సి వస్తే ఒకరు పట్టుకుని ఉండాలి. రబ్బరుకు ముందే సిలికాన్ స్ప్రే కొడితే అతుక్కోదు.

ట్యాప్ తిప్పితే ఉస్సుమని గాలి తప్ప నీళ్లు రావట్లేదు. ఇప్పుడేం చేయాలి?

పంపు ఆపేయండి, ట్యాప్ తెరిచే ఉంచండి. వేడినీళ్ల ట్యాప్ వస్తోందా? ఒక్కటే ఆగిందా, అన్నీ ఆగాయా? అన్నీ ఆగితే పంపు దగ్గరో, ట్యాంకు దగ్గరో గడ్డకట్టింది. ఒక్కటే ఆగితే దాని పైపులోనే. అల్మరాల తలుపులన్నీ తీసి, ఫర్నెస్ పెంచి, హెయిర్ డ్రయర్‌తో ట్యాప్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి, కరిగిన నీళ్లకు దారి ఉండాలి. మంట వాడొద్దు. ప్లాస్టిక్ పైపు కాబట్టి మరిగే నీళ్లు కూడా పోయొద్దు. నీళ్లు రావడం మొదలయ్యాక కూడా పదిహేను నిమిషాలు టార్చితో ప్రతి జాయింటూ చూడండి. పగిలిన పైపును మంచే బిరడాలా మూసి ఉంచుతుంది. కారడం మొదలయ్యేది అది కరిగాకే.

## తిరిగొచ్చాక

ఇంటికొచ్చాం, బండిని అలాగే షెడ్డులో పెట్టొచ్చా?

దారిలో రోడ్ల మీద ఉప్పు చల్లి ఉంటే ముందు అడుగుభాగం కడగండి. చక్రాల లోపలి వైపు, మెట్ల కీళ్లు, ట్రైలర్ అయితే బ్రేక్ వైర్ల జాయింట్లు. ట్యాంకులు వదిలి, లైన్లు ఖాళీ చేసి మళ్లీ యాంటీఫ్రీజ్ ఎక్కించండి. సింకుల కింద వంపుల్లోకి కూడా ఒక్కో కప్పు పోయండి. పరుపులు ఎత్తిపెట్టి, అల్మరా తలుపులన్నీ తీసి ఉంచి, ఒక వెంట్ కొద్దిగా తెరిచి, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి వైరు విప్పేయండి.